ఐఎల్ఆర్ ఐదేళ్ల నుంచి పదేళ్లకు: బ్రిటన్‌లో ఒక మంత్రి ఒక్క ప్రకటనతో ఇది చేసేయొచ్చా?

ప్రశ్న: రీడింగ్_ప్రకాశం

అందరికీ నమస్తే. సొంతూరు ఒంగోలు దగ్గర, ఉంటున్నది రీడింగ్‌లో. 2022 చివర్లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చాను. నేను, నా భార్య, పాప. ఐదేళ్లు నిండితే ఐఎల్ఆర్‌కి (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి) అప్లై చేసుకోవచ్చనే లెక్కతోనే ఒంగోల్లో స్థలం అమ్మేసి ఇక్కడ స్థిరపడదామనుకున్నాం. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రంలో ఆ ఐదేళ్లను పదేళ్లు చేస్తామన్నారు. నవంబరులో అభిప్రాయాలు అడుగుతూ విడుదల చేసిన పత్రంలో, ఇప్పటికే ఇక్కడున్న మాలాంటి వాళ్లకు కూడా వర్తింపజేయాలని ప్రతిపాదించారు. అప్పటి నుంచీ ఇంట్లో ఒకటే టెన్షన్.

వీసా సలహా కోసం ఇది రాయడం లేదు. నాకు అర్థం కానిది ఈ దేశం నడిచే పద్ధతి. లైఫ్ ఇన్ ది యూకే పరీక్షకు చదువుతున్నాను. బ్రిటన్ రాజ్యాంగం ఒకే పత్రంగా రాసి లేదని, పార్లమెంటే సర్వాధికారి అని అందులో ఉంది. మా ఆఫీసులో ఒకాయన మాత్రం, వలస నిబంధనలు మార్చడానికి బిల్లు కూడా అక్కర్లేదు, హోం మంత్రి ఒక ప్రకటన పార్లమెంటు ముందు పెడితే చాలు అంటున్నాడు. అదే నిజమైతే సర్వాధికారి పార్లమెంటా, మంత్రా? మన దగ్గరైతే ఆర్టికల్ 14 అనో 21 అనో పట్టుకుని హైకోర్టుకు వెళ్తాం. ఇక్కడ కోర్టు దేన్ని పట్టుకుని ప్రభుత్వాన్ని అడ్డుకుంటుంది? అసలు అడ్డుకోగలదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

లెస్టర్_అక్క

తమ్ముడూ, మీ ఆఫీసాయన చెప్పింది నిజమే. 1971 ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 3(2) చదవండి. హోం మంత్రి నిబంధనలు మార్చినప్పుడల్లా ఆ మార్పుల ప్రకటనను పార్లమెంటు ముందుంచాలి. అంతే. బిల్లుకుండే మూడు రీడింగులు (చర్చ దశలు) ఉండవు, కమిటీలో సవరణలు ఉండవు. రెండు సభల్లో ఏ ఒక్కటైనా 40 రోజుల్లోగా వద్దని తీర్మానం చేస్తే మంత్రి మళ్లీ మార్చుకోవాలి. ఎవరూ కదలకపోతే అది అమల్లో ఉన్నట్టే. స్కిల్డ్ వర్కర్ జీతం పరిమితి 2024 ఏప్రిల్ 4న 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెరిగింది ఇలాగే. 2025 జులై 22న 41,700 అయిందీ ఇలాగే. రెండుసార్లూ బిల్లు లేదు.

అలాగని అడ్డే లేదనుకోవద్దు. ఇంతకుముందు ఇదే జరిగింది, నా కళ్ల ముందే.

మేం 2005లో గుంటూరు నుంచి వచ్చాం, హెచ్ఎస్ఎంపీ (హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ ప్రోగ్రామ్) మీద. ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియకపోవచ్చు. చదువు, జీతం, అనుభవం చూసి పాయింట్లు ఇచ్చేవారు. స్పాన్సర్ అక్కర్లేదు. బ్రిటన్‌నే మీ ప్రధాన నివాసం చేసుకోవాలి అనేది షరతు. నాలుగేళ్లకు సెటిల్‌మెంట్, అంటే ఐఎల్ఆరే. ఆ స్కీము గైడెన్స్‌లో ప్రశ్నలు-జవాబుల భాగం ఒకటి ఉండేది. తర్వాత స్కీము మారితే నా సంగతేమిటి అన్న ప్రశ్నకు, ఇప్పటికే వచ్చినవాళ్లు ఏ మార్పులు జరిగినా ఉండొచ్చు, నాలుగేళ్లకు సెటిల్‌మెంట్‌కు అప్లై చేసుకోవచ్చు అని జవాబు. మావారు ఆ పేజీని ప్రింటు తీసి పాస్‌పోర్టులతో కలిపి దాచారు.

2006 ఏప్రిల్‌లో నాలుగేళ్లు ఐదేళ్లయ్యాయి. అదే ఏడాది నవంబరులో పాయింట్ల పద్ధతే మార్చేశారు. ఎక్స్‌టెన్షన్ కావాలంటే కొత్త లెక్క ప్రకారం మళ్లీ నెగ్గాలి. ఉద్యోగాలు మానుకుని, ఇళ్లు అమ్ముకుని వచ్చినవాళ్లు చాలామంది ఆ లెక్కలో తేలలేదు. మా స్నేహితుల్లో రెండు కుటుంబాలు కోర్టు తీర్పు దాకా ఆగలేక వెనక్కి వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లలో కొందరు హెచ్ఎస్ఎంపీ ఫోరమ్ పేరుతో ఒక్కటై హైకోర్టులో జ్యుడీషియల్ రివ్యూ (ప్రభుత్వ నిర్ణయం చట్టబద్ధమేనా తేల్చమనే కేసు) వేశారు. 2008 ఏప్రిల్ 8న సర్ జార్జ్ న్యూమన్ తీర్పు ఇచ్చారు: అప్పటికే స్కీములో ఉన్నవాళ్లకు కొత్త షరతులు పెట్టడం చెల్లదు, పాత షరతులనే గౌరవించాలి. మరుసటి ఏడాది రెండో కేసులో సెటిల్‌మెంట్ గడువు విషయంలోనూ ఫోరమే గెలిచింది.

ఇందులో కోర్టు దేన్ని పట్టుకుందో చూడండి. ప్రాథమిక హక్కుల అధ్యాయాన్ని కాదు. పార్లమెంటు చేసిన చట్టం జోలికీ పోలేదు. ప్రభుత్వం స్పష్టంగా ఒక మాట ఇచ్చింది, జనం దాన్ని నమ్మి జీవితాలు మార్చుకున్నారు, ఇప్పుడు ఆ మాట తప్పడం అధికార దుర్వినియోగం కిందికి వస్తుంది. ఇదీ ఇక్కడి కామన్ లా. ఒకే పుస్తకంలో రాసి లేదు గానీ తీర్పుల్లో ఉంది.

ఇంకో కేసు దీనికంటే ముఖ్యం. 2012 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆల్వీ తీర్పు. ఆయన ఫిజియోథెరపీ అసిస్టెంటు. ఆయన ఉద్యోగం తగినంత నైపుణ్యం ఉన్నది కాదని వీసా తిరస్కరించారు. ఆ సంగతి రాసి ఉన్నదేమో పార్లమెంటు ముందు ఎప్పుడూ పెట్టని ఒక కోడ్ ఆఫ్ ప్రాక్టీసులో. ఒక దరఖాస్తు నెగ్గుతుందా లేదా అని తేల్చే ప్రతి షరతూ పార్లమెంటు ముందు పెట్టి తీరాల్సిందే అని కోర్టు తేల్చింది. అంటే కోర్టు పార్లమెంటు మీద పెత్తనం చేయలేదు. పార్లమెంటును తప్పించుకుని పోతున్న ప్రభుత్వాన్ని తిరిగి దాని ముందు నిలబెట్టింది. మీరు అడిగిన ‘పార్లమెంటా, మంత్రా’ అన్న ప్రశ్నకు ఇక్కడి జడ్జీలు నాలుగు వందల ఏళ్లుగా చెబుతున్న జవాబు ఇదే. 1610లోనే ఎడ్వర్డ్ కోక్ అనే జడ్జి, చట్టం ఒప్పుకున్నంత మేరకే రాజుకు అధికారం అన్నాడు. రాజు ఉత్తర్వులతో కొత్త నేరాలు పుట్టించడం కుదరదన్నాడు. ఇప్పుడు ఆ రాజు స్థానంలో మంత్రులున్నారు.

అలాగని మీకు ఆశలు కల్పించి వదిలేయను. 2009 నాటి ఒడెలోలా కేసు కూడా తెలుసుకోండి. ఆమె నైజీరియా డాక్టరు. దరఖాస్తు పెట్టిన తర్వాత నిబంధన మారింది. పాత నిబంధన చూడమని అడిగితే లా లార్డ్స్ (సుప్రీంకోర్టు రాకముందు ఎగువ సభ లార్డ్స్‌లో ఉన్న అత్యున్నత జడ్జీలు) ఒప్పుకోలేదు. నిర్ణయం తీసుకునే రోజున ఏ నిబంధన ఉంటే అదే వర్తిస్తుందన్నారు. కాబట్టి మీ గైడెన్స్‌లో, గ్రాంట్ లెటర్‌లో మాకిచ్చినట్టు ‘మార్పులు వచ్చినా మీకు వర్తించవు’ అనే వాక్యం ఏదైనా ఉందేమో వెతకండి. లేకపోతే మా కేసు మీకు అంత బలం ఇవ్వదు. నేను లాయర్ని కాదు, ఆ సలహా మాత్రం రిజిస్టర్డ్ సొలిసిటర్ దగ్గరే తీసుకోండి.

---

వరంగల్_లా

లెస్టర్ అక్కగారికి నమస్కారం. నేను ఇక్కడ లా కాలేజీలో కాన్‌స్టిట్యూషనల్ లా చెబుతాను. మీరు చెప్పిన కేసుల్లో తీర్పులు సరైనవే. మంత్రిని చట్టం పరిధిలో ఉంచడం కోర్టు పని. అభ్యంతరం అక్కడ కాదు.

అక్కడి నుంచి కోర్టులు ఎంత దూరం వచ్చాయో చూడండి. 2019లో ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటును ప్రొరోగ్ చేయించినప్పుడు (అంటే సెషన్ ముగించి సభలను కొన్నాళ్లు ఆపించినప్పుడు) ఇంగ్లండ్ హైకోర్టులో విన్నది ఎవరు? లార్డ్ చీఫ్ జస్టిస్, మాస్టర్ ఆఫ్ ద రోల్స్, క్వీన్స్ బెంచ్ డివిజన్ ప్రెసిడెంట్. హైకోర్టు స్థాయిలో అంతకంటే పెద్ద హోదా ఉన్న బెంచ్ దొరకదు. ఇది రాజకీయ నిర్ణయం, కోర్టు తేల్చేది కాదు అని ముగ్గురూ అన్నారు. మూడు వారాలు తిరక్కుండానే సుప్రీంకోర్టులో పదకొండు మందికి పదకొండు మందీ దానికి పూర్తిగా వ్యతిరేకంగా చెప్పారు. ఎంత కాలం సభలను ఆపితే చెల్లదో ఆ ముందురోజు వరకూ ఏ చట్టంలోనూ లేదు. మరి ప్రధాని ఏ గీత దాటినట్టు? తర్వాత గీసిన గీత దాటినందుకు తప్పు పట్టొచ్చా?

బ్రిటన్ పద్ధతి గొప్పతనమే ఇది: ప్రభుత్వం కామన్స్‌కు (ఎన్నికైన సభకు) జవాబుదారీ, కామన్స్ ఓటర్లకు జవాబుదారీ. నచ్చకపోతే అవిశ్వాసం పెట్టి దించేయొచ్చు. జడ్జిని ఎవరు దించుతారు? మన అనుభవం చూడండి. కేశవానంద భారతి 1973లో 7-6. ఒక్క జడ్జి అటు వేసి ఉంటే మౌలిక స్వరూప సిద్ధాంతమే (రాజ్యాంగం మూల స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదనేది) లేదు. 2015లో జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 4-1తో కొట్టేశారు. ఉభయ సభలూ ఆమోదించి, రాష్ట్రాలు సమ్మతించిన రాజ్యాంగ సవరణ అది. జడ్జీలను ఎవరు నియమించాలో జడ్జీలే తేల్చుకున్నారు. బ్రిటన్ ఆ దారి పట్టకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అక్కడి పార్లమెంటుకు కూడా ఆ భయం ఉంది కాబట్టే 2022లో పార్లమెంటు రద్దు అధికారాన్ని తిరిగి రాచరికానికిస్తూ, దాన్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని చట్టంలోనే రాసుకున్నారు.

---

లెస్టర్_అక్క

వరంగల్ మాస్టారూ, మీరు సూటిగా అడిగారు, నేనూ సూటిగానే చెబుతాను. 2019 కేసు వాదనలు మూడు రోజులు జరిగాయి, సెప్టెంబరు 17 నుంచి 19 వరకు. సుప్రీంకోర్టు వాళ్లే లైవ్ ఇస్తారు కదా, ఆఫీసులో లంచ్ వేళ అవే చూశాను, తీర్పు కూడా తర్వాత మొత్తం చదివాను. అందులో ఉన్న కాగితాల గురించి చెబుతాను, ఎందుకంటే కేసు బలమంతా అక్కడే ఉంది.

ఆగస్టు 15న ప్రధాని సలహాదారు ఒక నోటు పెట్టారు: సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు 14 దాకా సభలను ప్రొరోగ్ చేయిద్దామా అని. దాని మీద ప్రధాని టిక్కు పెట్టి ‘యెస్’ అని రాశారు. మరుసటి రోజు ఆయన చేత్తో రాసిన నోట్‌లో సెప్టెంబరు సమావేశాలు అనవసరపు తంతు అనే ధోరణి ఉంది. ఆగస్టు 28న బాల్మోరల్‌లో ప్రీవీ కౌన్సిల్ (రాణికి సలహా ఇచ్చే మండలి) సభ్యులు ముగ్గురు రాణి దగ్గరకు వెళ్లారు. ఉత్తర్వు వచ్చేసింది. అక్టోబరు 31 యూరప్ నుంచి బయటపడే గడువు. ఎండాకాలం సెలవుల తర్వాత ఆ గడువుకు మధ్య ఉన్న ఎనిమిది వారాల్లో ఐదు వారాలు పార్లమెంటు లేకుండా పోయింది.

కొత్త సెషన్ మొదలుపెట్టి రాణి ప్రసంగం తయారు చేసుకోవడానికి అన్నారు. మాజీ ప్రధాని జాన్ మేజర్, ఆయనా కన్జర్వేటివే, మామూలుగా దానికి నాలుగు నుంచి ఆరు రోజులు చాలు అని కోర్టుకు చెప్పారు. ఆ మాటను ప్రభుత్వం ఖండించలేదు. ఐదు వారాలు ఎందుకు కావాలో చెబుతూ ప్రధాని తరఫున ప్రమాణపూర్వకంగా ఒక్క వాంగ్మూలమూ రాలేదు. మాస్టారూ, గీత ఎక్కడుంది అని అడిగారు. కోర్టు రోజులు లెక్కపెట్టి గీత గీయలేదు. పార్లమెంటు తన పని చేసుకోకుండా అడ్డుపడుతున్నావు, సరైన కారణం చెప్పు అంది. ఒక్క కారణమూ చెప్పలేదు. అక్కడితో ఉత్తర్వు చెల్లదని తేలింది. సెప్టెంబరు 10 తెల్లవారుజామున లార్డ్స్‌లో ప్రొరోగేషన్ ప్రకటించిన వాళ్లు ఖాళీ కాగితం పట్టుకుని వెళ్లినట్టే లెక్క అని అప్పటి సుప్రీంకోర్టు ప్రెసిడెంట్ లేడీ హేల్ చదివారు. ఆ తర్వాత ఏం చేయాలో కోర్టు చెప్పలేదు. అది రెండు సభల స్పీకర్ల ఇష్టం అంది. 25న సభలు కూర్చున్నాయి. బ్రెగ్జిట్ కావాలా వద్దా, ఒప్పందంతోనా, లేకుండానా, దాని మీద తీర్పులో ఒక్క మాట లేదు.

అవిశ్వాసం పెట్టి దించేయొచ్చు అన్నారు. సభే కూర్చోకపోతే అవిశ్వాసం ఎక్కడ పెడతారు?

నాకు ఇందులో అన్నిటికంటే పెద్ద విషయం సభ సమయం ఎవరి చేతుల్లో ఉందనేది. ఇక్కడ పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ, అధికారం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కామన్స్ స్టాండింగ్ ఆర్డర్ (సభ సొంత నియమం) 14 ప్రకారం ప్రతి సమావేశంలో ప్రభుత్వ వ్యవహారాలకే ముందు చోటు. ఏ బిల్లు ఎప్పుడు వస్తుంది, ఎన్ని గంటలు చర్చ, ఎప్పుడు ఓటు, అన్నీ ప్రభుత్వం ఇష్టం. ప్రతిపక్షానికి, వెనక వరస సభ్యులకు లెక్కపెట్టి ఇచ్చిన రోజులు తప్ప మిగతావి లేవు. 2019 సెప్టెంబరు 3న ఆ పట్టును ఒక్క రోజుకైనా తప్పించడానికి సభ్యులు అత్యవసర చర్చకు వీలిచ్చే స్టాండింగ్ ఆర్డర్ 24 వాడుకోవాల్సి వచ్చింది. 328-301తో నెగ్గారు. ప్రభుత్వానికి ఎదురు ఓటేసిన కన్జర్వేటివ్ సభ్యులు 21 మందిని అదే రాత్రి పార్టీ బయట పెట్టింది. వాళ్లలో చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్, మాజీ ఆర్థిక మంత్రి కెన్నెత్ క్లార్క్ ఉన్నారు. సొంత సభ సమయం సొంతంగా వాడుకున్నందుకు అంత మూల్యం చెల్లించాలంటే, సర్వాధికారి అన్న పార్లమెంటు చేతిలో నిజంగా ఎంత ఉన్నట్టు?

ఇక కామన్స్ ఓటర్లకు జవాబుదారీ అన్నారు. 2024 ఎన్నికల్లో లేబర్‌కు 33.7 శాతం ఓట్లు, 650లో 411 సీట్లు. నేనూ వాళ్లకే ఓటేశాను, అయినా చెబుతున్నాను: మూడో వంతు ఓటుతో దాదాపు మూడింట రెండొంతుల సభ ఒకరి చేతికి వస్తే, ఆ సభ తన ప్రభుత్వాన్ని నిలదీస్తుందని ఎలా నమ్మను? 1976లో లార్డ్ హెయిల్షామ్ దీన్నే ఎన్నికైన నియంతృత్వం అన్నారు. అది కన్జర్వేటివ్ నాయకుడు అన్న మాట. ఏ పార్టీ అయినా సంగతి ఇదే.

జడ్జీలను ఎవరు దించుతారు అన్న మీ ప్రశ్న సరైనదే. కొలీజియం విషయంలో నేను మీతోనే ఉన్నాను. కానీ ఇక్కడి జడ్జీలకు పార్లమెంటు చట్టాన్ని కొట్టేసే అధికారమే లేదు. నచ్చని తీర్పు వస్తే పార్లమెంటు ఒక చట్టంతో తిప్పేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లకు దక్కకుండా రంగూన్‌లో చమురు కేంద్రాలను బ్రిటిష్ సైన్యమే కాల్చేసింది. వాటి యజమాని బర్మా ఆయిల్ కంపెనీకి పరిహారం ఇవ్వాలని 1964లో లా లార్డ్స్ తీర్పిస్తే, 1965లో వార్ డ్యామేజ్ చట్టం చేసి వెనకటి తేదీ నుంచే ఆ హక్కు తీసేశారు. అలాంటి చోట కోర్టును చూసి నాకు భయం వేయదు. మీరు చెప్పిన 2022 చట్టం కూడా పార్లమెంటు రద్దు గురించే, ప్రొరోగేషన్ గురించి కాదు. 2019 తీర్పు ఇప్పటికీ అలాగే నిలిచి ఉంది.

---

గ్లాస్గో_గోదారి

నేను ఇక్కడ ఆసుపత్రిలో పని చేస్తాను, రాజకీయాల్లో ఆసక్తి మాత్రమే. ఇద్దరూ లండన్ గురించే మాట్లాడుతున్నారు, మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. ఆ ప్రొరోగేషన్ చెల్లదని మొదట చెప్పింది ఎడిన్‌బరోలోని కోర్ట్ ఆఫ్ సెషన్, సెప్టెంబరు 11న. అక్కడ కేసు వేసింది ఎంపీ జొవానా చెర్రీ, ఇంకా డెబ్భై మందికి పైగా పార్లమెంటు సభ్యులు. ఇంగ్లండ్ జడ్జీలు మన పని కాదన్నదాన్ని స్కాట్లండ్ జడ్జీలు మన పనే అన్నారు.

అది ఊరికే రాలేదు. 1953లోనే ఆ కోర్టు పెద్ద జడ్జి, లార్డ్ ప్రెసిడెంట్ కూపర్, పార్లమెంటుకు హద్దుల్లేని అధికారం అన్నది ఇంగ్లండ్ సిద్ధాంతమే తప్ప స్కాట్లండ్ రాజ్యాంగ చట్టంలో దానికి సమానమైనది లేదని రాశారు. మొదటి ఎలిజబెత్ స్కాట్లండ్‌లో ఎప్పుడూ రాణిగా లేదు కదా, కొత్త రాణిని రెండో ఎలిజబెత్ అని ఎలా అంటారు అని వేసిన కేసు అది. కేసు ఓడిపోయింది గానీ ఆ వాక్యాలు మిగిలాయి.

నాకు బాధ కలిగించేది సువెల్ కన్వెన్షన్. స్కాటిష్ పార్లమెంటు పరిధిలోని విషయాల మీద దాని సమ్మతి లేకుండా వెస్ట్‌మినిస్టర్ (లండన్ పార్లమెంటు) మామూలుగా చట్టం చేయదు అన్న ఆనవాయితీ. దాన్ని 2016 స్కాట్లండ్ చట్టంలో రాశారు కూడా. బ్రెగ్జిట్ మీద నడిచిన 2017 మిల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, చట్టంలో రాసినా అది రాజకీయ ఆనవాయితీయే, కోర్టు అమలు చేయదు అని. 2020లో బ్రెగ్జిట్ ఒప్పందం చట్టానికి స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్ మూడూ సమ్మతి ఇవ్వలేదు. అయినా చట్టం అయిపోయింది. కాబట్టి రీడింగ్ తమ్ముడు ‘ఎవరు అడ్డుకుంటారు’ అని అడిగితే, ఇక్కడ మా అనుభవం మాత్రం ‘చివరికి ఎవరూ అడ్డుకోలేదు’ అనే.

---

రీడింగ్_ప్రకాశం

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీ మొదటి జవాబు నా భార్యకు చదివి వినిపించాను. మా గ్రాంట్ లెటర్ మళ్లీ తీసి చూశాం. మీకు ఇచ్చినట్టు అలాంటి మాట ఏదీ కనిపించలేదు.

ఇంకొక్క సందేహం. శరణార్థులను రువాండాకు పంపే పథకం విషయంలో కోర్టు ఒకటి చెబితే పార్లమెంటు ఇంకొకటి చెప్పింది కదా. అలా అయితే ఐఎల్ఆర్ విషయంలో కోర్టుకు వెళ్లి గెలిచినా ఉపయోగం ఏమిటి? చివరికి పట్టుకోవాల్సింది ఎవరిని?

---

లెస్టర్_అక్క

తమ్ముడూ, రువాండా మంచి ఉదాహరణ తెచ్చారు. 2023 నవంబరు 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా, శరణార్థులకు రువాండా క్షేమం కాదు అన్నారు. సాక్ష్యాలు చూసి చెప్పిన మాట. 2024 ఏప్రిల్ 25న ఒక చట్టం వచ్చింది: రువాండా క్షేమమైన దేశమని అధికారులూ కోర్టులూ భావించి తీరాలి అని. ఒక వాస్తవాన్ని చట్టంతో మార్చడం అది. లార్డ్స్ మళ్లీ మళ్లీ సవరణలు పెట్టి తిప్పి పంపారు, కామన్స్ ప్రతిసారీ కొట్టేసింది, చివరికి అర్ధరాత్రి లార్డ్స్ తగ్గారు. ఎన్నికైనవాళ్లు కారు కాబట్టి ఒక స్థాయి దాటి వాళ్లు పట్టుబట్టరు. నాకు ఆ రోజు చాలా బాధేసింది. జులైలో ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది. ఆపింది కోర్టు కాదు, ఓటర్లు.

మీ విషయానికి వస్తే తేడా ఇది. పదేళ్ల గడువును నిబంధనల మార్పుతో తెస్తే దాని మీద కోర్టుకు వెళ్లే దారి ఉంటుంది, ఇరుకైనదే అయినా. అదే పార్లమెంటు చట్టంగా తెస్తే, మానవ హక్కుల చట్టం సెక్షన్ 4 కింద ‘ఇది హక్కులకు విరుద్ధంగా ఉంది’ అని కోర్టు ప్రకటించడం వరకే. ఆ ప్రకటన వచ్చినా చట్టం అలాగే అమలవుతుంది, మార్చాల్సింది మళ్లీ పార్లమెంటే. అందుకే గ్లాస్గో గారి మాటను నేను పూర్తిగా కాదనను. కానీ ఎవరూ అడ్డుకోలేదు అంటే ఒప్పుకోను. ఇదే వలస నిబంధనల మీద ప్రభుత్వం కామన్స్‌లో ఓడిపోయిన రోజులున్నాయి. 1972 నవంబరులో హీత్ ప్రభుత్వం ఓడిపోయింది. యూరప్‌లో చేరబోతూ అక్కడివాళ్లకు తలుపులు తెరిచి కామన్వెల్త్ వాళ్లకు మూస్తున్నారని సొంత సభ్యులే తిరగబడ్డారు. 1982లో థాచర్ ప్రభుత్వమూ ఓడింది. అది మనలాంటి వాళ్ల కోసం పడిన ఓటు కాదు, నిబంధనలు మరీ సడలించారని కోపం వచ్చి వేసినది. అయినా మంత్రి వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఆ 40 రోజుల తీర్మానం కాగితం మీద మాటే కాదని రుజువు.

పట్టుకోవాల్సింది ఎవరిని అన్నారు. మీ ఎంపీని. ఒక్క ఉత్తరంతో ఏమవుతుంది అనకండి. సొంత పార్టీ వెనక వరసలో యాభై అరవై మంది గొణిగితే ప్రకటన పార్లమెంటు ముందుకు రాకముందే దాని రూపం మారుతుంది. ఉత్తరంలో గడువు వద్దు అని మాత్రమే రాయకండి. ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకు పాత గడువే వర్తించేలా ట్రాన్సిషనల్ నిబంధన పెట్టమని, ఆ ప్రకటన వచ్చాక సభలో చర్చ, ఓటు అడగమని రాయండి. మీ తేదీలు, కట్టిన హెల్త్ సర్‌ఛార్జీ, పాప బడి, ఒంగోలు స్థలం సంగతి అన్నీ పెట్టండి. వీలైతే సర్జరీకి (ఎంపీ నియోజకవర్గంలో జనాన్ని కలిసే వేళకు) వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పండి. ఎంపీలు చాలామంది శుక్రవారాలు నియోజకవర్గంలోనే ఉంటారు.

ఇంతకీ మీరిద్దరూ ఓటరుగా రిజిస్టర్ అయ్యారా? ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లం కామన్వెల్త్ పౌరుల కింద వస్తాం. చట్టబద్ధమైన వీసా మీద ఇక్కడ ఉంటే చాలు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు ఉంటుంది. సిటిజన్‌షిప్ దాకా ఆగక్కర్లేదు. మన తెలుగువాళ్లలో సగం మందికి ఈ సంగతే తెలియక ఊరుకుంటున్నారు.

---

రీడింగ్_ప్రకాశం

అక్కా, నిజంగానా! మూడేళ్లయింది వచ్చి, ఎవరూ చెప్పలేదు. కౌన్సిల్ నుంచి ఇంటికి ఏదో ఫారం వచ్చినప్పుడు మాకు కాదులే అని పక్కన పెట్టేశాను. రిజిస్టర్ అవడానికి ఏమేం కావాలి?

---

లెస్టర్_అక్క

నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, పుట్టిన తేదీ, అడ్రసు. ప్రభుత్వ వెబ్‌సైట్లోనే, ఐదు నిమిషాల పని. ఇద్దరూ విడివిడిగా చేసుకోవాలి. పోలింగ్ రోజు ఫొటో ఐడీ కావాలి, మన పాస్‌పోర్టు సరిపోతుంది. ఎంపీకి రాసే ఉత్తరం డ్రాఫ్టు అయ్యాక, పేర్లు, అడ్రసు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. మాస్టారూ, మీరు కూడా ఒకసారి చూడాలి.

---

వరంగల్_లా

తప్పకుండా చూస్తాను. ఆ సెక్షన్ 3(2) వాక్యం ఉత్తరంలో యథాతథంగా పెట్టు తమ్ముడూ, 40 రోజుల సంగతితో సహా.